డ్రాయింగ్ పీరియడ్ ఎవరు మింగారు?

ఏమండోయ్, స్టవ్ మీద ఏమైనా ఉందా? లేకపోతే ఓసారి ఇలా గోడ దగ్గరికి రండి. ఉంటే సిమ్‌లో పెట్టి రండి. చాలా ఏళ్లుగా కడుపులో దాచుకున్న ఫిర్యాదు ఒకటుంది. ఇవాళ మీకు చెప్పకపోతే అన్నం అరిగేట్టు లేదు.

మా డ్రాయింగ్ పీరియడ్ పోయిందండీ. నిన్నా మొన్నా కాదు, నా ఏడో తరగతిలో. శుక్రవారం ఆఖరి పీరియడ్ మాకు డ్రాయింగ్. టైమ్‌టేబుల్లో గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేది. గురువారం రాత్రే పెన్సిళ్లు చెక్కుకుని, రబ్బరు కడుక్కుని మరీ సిద్ధంగా ఉండేదాన్ని. గంట కొట్టగానే గుమ్మంలో లెక్కల మాస్టారు ప్రత్యక్షం. "పోర్షన్ అవలేదర్రా, పుస్తకాలు తియ్యండి!" ఆయన వెనక వరండాలో మా డ్రాయింగ్ మాస్టారు చార్టు చుట్టతో నిలబడి, మాకేసి ఓసారి, ఆకాశంకేసి ఓసారి చూసి వెనక్కి వెళ్లిపోయేవారు. పాపం ఆయనకు అది అలవాటు కూడా అయిపోయింది.

ఆ ఏడాది మొత్తం మీద మేం వేసిన బొమ్మ ఒక్కటే. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందకి ఒక ఏరు, పక్కన పెంకుటిల్లు, దానికో కొబ్బరిచెట్టు, పైన నాలుగు పక్షులు. మీరూ అదే వేశారా? నాకు తెలుసు. తెలుగునేల మీద బడికెళ్లిన వాళ్లందరం ఆ ఇంట్లోనే పుట్టాం.

సరే, ఇంతకీ ఈ పాత గాయం ఇప్పుడెందుకు రేగిందంటారా? మా చెల్లెలి కూతురు వల్ల. ఎనిమిదో తరగతి. కాలం మారిందిట. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం పాఠాల్లోకి కళలు కలపమంది కదా. ఆ పిల్ల ఓ ఆదివారం మా ఇంటికొచ్చి, "పెద్దమ్మా, సైన్సూ లెక్కలూ ఆర్టూ కలిపి ప్రాజెక్టు చెయ్యాలి. ఎల్లుండి ఇవ్వాలి" అంది. ఎల్లుండిట! ఇచ్చి మూడు వారాలైందని తర్వాత తెలిసింది.

దీనికి ఇంగ్లీషు బళ్లలో ఓ ముద్దుపేరుంది, విన్నారా? సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కలు కలిపితే స్టెమ్. దాని నడుమ ఆర్ట్స్‌కి ఒక అక్షరం ఇరికిస్తే స్టీమ్. నాకైతే ఆ మాట వినగానే ఇడ్లీపాత్ర గుర్తొచ్చింది. ఆలోచిస్తే అంత తప్పు పోలికా కాదు. పిండి రుబ్బి పులియబెట్టినా, ఆవిరి తగలందే ఇడ్లీ అవదు కదా!

అయితే కలపడం అంటే ఏం కలిపారో కూడా చూడాలి. మా పిల్ల బళ్లో కిందటేడు సైన్సు ప్రదర్శనకు వెళ్లాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నిప్పులు కక్కే అగ్నిపర్వతం ఒక్కటి లేదు. కానీ ఆ హాల్లో బెంచీకొకటి ఉంది. థర్మాకోల్ కొండ, లోపల సీసా, అందులో వంటసోడా, పైనుంచి వెనిగర్, ఎర్రరంగు. బుస్సున పొంగింది. అందరూ చప్పట్లు. అగ్నిపర్వతానికీ వంటసోడాకీ ఏం సంబంధమో ఎవరూ అడగలేదు. ఇంకో పిల్లాడు న్యూటన్ సూత్రాల చుట్టూ పూలతీగ గీశాడు. తీగ బాగుంది. న్యూటనూ బాగున్నాడు. ఇద్దరికీ పరిచయమే లేదు. సున్నం వేసిన గోడకు మామిడాకులు కట్టినట్టుంది వ్యవహారం.

అందుకని ఈసారి చార్టులూ స్కెచ్ పెన్నులూ కొనడం మానేసి, అటక మీద నుంచి మా అమ్మ ముగ్గుల పుస్తకం దింపాను.

ఆ పుస్తకం మీరు చూడాలి. పాత కిరాణా పద్దుల నోటుబుక్కు. ఒక పేజీలో కందిపప్పు బాకీ, పక్క పేజీలో రథం ముగ్గు. పైన అమ్మ చేతిరాత: "15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క." అంతే. ఒక ఫార్ములా రాసినంత పొదుపుగా. సందు చుక్కంటే మీకు చెప్పక్కర్లేదు గానీ, అపార్ట్‌మెంట్లలో పుట్టిన పిల్లలు వింటున్నారేమోనని చెబుతున్నా: పై వరస చుక్కల సందుల్లో కింది వరస చుక్కలు పడతాయి. నడుమ వరసలో 15, దాని పైనా కిందా 14, తర్వాత 13, అలా రెండువైపులా 8 దాకా. చూస్తే ఆరు మూలల తేనెపట్టు గది ఆకారం వస్తుంది.

"మొత్తం ఎన్ని చుక్కలు పెద్దమ్మా?" అంది పిల్ల.

"పెట్టిన నడుముకు తెలుస్తుంది" అన్నాను.

కాదుట, లెక్క కావాలిట. కూర్చుంది. నడుమ 15. ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా కూడితే 77, రెండువైపులా కలిపి 154. మొత్తం 169. "ఇది పదమూడు పదమూళ్లు!" అని అరిచింది. నాకూ బాగానే ఉంది గానీ, అసలు తమాషా అది కాదు. చిన్న ముగ్గుల నుంచి మొదలుపెట్టమన్నాను. 3 చుక్కలు, 2 వచ్చేవరకు: మొత్తం 7. 5 నుంచి 3: మొత్తం 19. 7 నుంచి 4: 37. వీటికి ముందు ఒంటి చుక్క ఉంది, అది 1.

ఇప్పుడు వరసగా కూడండి. కూడండి మరి, ఊరికే తల ఊపకండి! ఒకటి. ఒకటీ ఏడూ ఎనిమిది. దానికి పందొమ్మిది కలిపితే ఇరవై ఏడు. ముప్ఫై ఏడు కలిపితే అరవై నాలుగు. ఏమైనా కనిపించిందా? 1, 8, 27, 64. ఘనాలండీ, ఘనాలు! వాకిట్లో చదునుగా పరుచుకున్న చుక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే పెట్టెలు తయారవుతున్నాయి. మా అమ్మ పదిహేను చుక్కల ముగ్గు ఈ వరసలో ఎనిమిదోది. అక్కడిదాకా కూడితే 512 రావాలి, ఎనిమిది ఘనం. పిల్ల కూడింది. వచ్చింది.

ఎందుకొస్తుందంటారా? ఎనిమిది బెల్లం అచ్చుల్ని రెండేసి చొప్పున పేర్చి పెట్టె చెయ్యండి. ఒక మూల మీద కన్ను పెట్టి చూడండి. మీకు కనిపించేవి ఏడు. దాక్కున్నది ఒకటి. ఆ ఏడూ మూడు చుక్కల ముగ్గులాగే కూర్చుని ఉంటాయి. అదీ సంగతి. బెల్లం అచ్చులే ఎందుకంటే, పాఠం అయ్యాక తినొచ్చు.

మెలికల ముగ్గుల కథ ఇంకోటుంది. చుక్కల చుట్టూ చెయ్యి ఎత్తకుండా తిప్పుకుంటూ వచ్చి మొదలుపెట్టిన చోటే కలుపుతారే, అవి. చిన్నప్పుడు నోటుబుక్కు వెనక పేజీలో మనమూ ఆడాం: గీత మీద గీత పడకుండా, పెన్సిల్ ఎత్తకుండా కవరు బొమ్మ గియ్యి చూద్దాం అని. మూత తెరిచిన కవరైతే వస్తుంది, అదీ కింది మూల నుంచి మొదలుపెడితేనే. మూత మూసిన కవరు, అంటే డబ్బా, లోపల ఇంటూ గుర్తు, మాత్రం జన్మలో రాదు. నేను ఒక పూర్తి సోషల్ పీరియడ్ దాని మీద ధారపోశాను. ఆయిలర్ అనే పెద్దమనిషి కోనిగ్స్‌బెర్గ్ ఊళ్లో ఏడు వంతెనల లెక్కతో 1736లో దీని గుట్టు తేల్చాడు. ఒక్కో మూలకు ఎన్ని గీతలు వచ్చి కలుస్తున్నాయో చూడాలిట. బేసి గీతలున్న మూలలు అసలు లేకపోయినా, రెండే ఉన్నా సరే. నాలుగుంటే గియ్యలేరు. మూసిన కవరుకు నాలుగు మూలలా మూడేసి గీతలు. ముందే ఎవరైనా చెప్పుంటే అక్బర్ గురించైనా నాలుగు ముక్కలు తెలిసుండేవి నాకు.

మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృత్తివాసన్ అని ముగ్గురు పండితులు ఈ ముగ్గుల్ని తీసుకెళ్లి కంప్యూటర్ భాషలకు వాడే వ్యాకరణంతో 1974లోనే పరిశోధనా వ్యాసం రాశారు. తమిళ కోలాలే అవి. మన మెలికలకు దగ్గరి చుట్టాలు. ఇవాళ బళ్లో పిల్లలు కంప్యూటర్ మీద తాబేలుకు ఆజ్ఞలిచ్చి గీతలు గీయిస్తారు చూడండి, పదడుగులు ముందుకు, అరవై డిగ్రీలు కుడికి అని. మా పిల్ల ఆ తాబేలుతో అమ్మమ్మ ముగ్గు గీయించబోయింది. మొదటిసారి డిగ్రీలు తప్పి తాబేలు తెర దాటి ఎటో వెళ్లిపోయింది. "అమ్మమ్మకు ఎప్పుడూ ఇలా అవలేదు" అంది. అవలేదు మరి. ఆవిడ ఒక కంట కాఫీ డికాక్షన్ చూసుకుంటూ గీసేది.

ఆగండాగండి, అప్పుడే వెళ్లకండి. తెలుగు మాస్టారి సంగతి చెప్పలేదు.

యమాతారాజభానసలగం. హమ్మయ్య, మొహం వెలిగింది! గుర్తుంది కదూ? గణాలు గుర్తుపెట్టుకోవడానికి బట్టీ పట్టించిన మంత్రం. ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే ఆ గణం వస్తుంది. యమాతా అంటే య గణం, మాతారా అంటే మ గణం. లఘువు, గురువు, రెండే గుర్తులు. మూడు స్థానాలు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది గణాలు. కంప్యూటర్ మేడమ్ పక్క గదిలో సున్నా ఒకటి అని చెప్పేదీ ఇదే. కానీ ఆవిడా తెలుగు మాస్టారూ స్టాఫ్ రూములో పక్కపక్కన కూర్చుని క్యారేజీలు పంచుకుంటారు తప్ప ఈ ముక్క పంచుకోరు.

ఇప్పుడు ఒక పని చెబుతా. చివరి "లగం" తీసేయండి. ఎనిమిది మిగిలాయి. లఘువుకు చిన్న పూస, గురువుకు పెద్ద పూస తీసుకోండి. చిన్నది, మూడు పెద్దవి, చిన్నది, పెద్దది, రెండు చిన్నవి. దారానికి గుచ్చి ముడెయ్యండి. చేతికి తొడుక్కోండి. ఆ గొలుసులో ఎక్కడైనా వరసగా మూడు పూసలు పట్టుకోండి, ఒక గణం. ఒక పూస జరపండి, ఇంకో గణం. చుట్టూ తిరిగొస్తే ఎనిమిది గణాలూ ఒక్కోసారే వస్తాయి. ఒక్కటి తప్పదు, ఒక్కటి తిరిగి రాదు. ఇలాంటి వరసల మీద డి బ్రాయిన్ అనే డచ్చి గణితజ్ఞుడు 1946లో రాసిన దగ్గర్నుంచి ప్రపంచమంతా ఆయన పేరుతోనే పిలుస్తోంది. మనం మాత్రం ఎనిమిదో తరగతిలో దాన్ని బట్టీ పట్టి, పరీక్ష అవగానే పారేశాం.

మా పిల్ల ఆ గాజు మూడు రోజులు తొడుక్కు తిరిగింది. తెలుగు యూనిట్ టెస్టు రోజున కూడా. అది కాపీ కిందకి వస్తుందా రాదా అన్నది నాకు తెలియదు, నన్నడగొద్దు.

ఇంకో తమాషా కూడా ఉందండోయ్ ఇందులో. ఉత్పలమాలకు భరనభభరవ, చంపకమాలకు నజభజజజర అని రెండూ విడివిడిగా వల్లెవేశాం కదా. వల్లెవెయ్యక్కర్లేదుట! ఉత్పలమాల పాదంలో మొట్టమొదటి గురువును తీసి, ఆ చోట రెండు లఘువులు పెట్టండి. చంపకమాల అయిపోతుంది. ఇరవై అక్షరాలు ఇరవై ఒకటి అవుతాయి. శార్దూలానికీ అదే చికిత్స చెయ్యండి, పులి కాస్తా ఏనుగై మత్తేభం అవుతుంది. నాకు ఈ ముక్క యాభై దాటాక తెలిసింది. ఎంత కోపం వచ్చిందనుకున్నారు! ఒక రాత్రంతా "సభరనమయవ" అని గొణుక్కున్న చిన్నపిల్ల కోపం అది.

చప్పట్లతో ఆడుకునేదొకటి చెప్పి ఛందస్సు వదిలేస్తాను. పొట్టి చప్పట్లు ఒక మాత్ర, పొడుగు చప్పట్లు రెండు మాత్రలు. మూడు మాత్రలు నింపాలంటే మూడు రకాలు. నాలుగుకు ఐదు. ఐదుకు ఎనిమిది. ఆరుకు పదమూడు. ప్రతిసారీ వెనకటి రెండూ కలిపితే సరి. పొద్దుతిరుగుడు పువ్వు గింజల్లో చూపించి ఫిబొనాచీ సంఖ్యలంటారే, అవే. ఆ ఇటలీ ఆయన 1202లో కుందేళ్ల మీద లెక్కేశాడు. మన హేమచంద్రుడు అంతకు యాభై ఏళ్ల ముందే పద్యాల మీద లెక్కేశాడు. కుందేళ్లకంటే పద్యాలు శుభ్రం, ఇల్లు పాడుచెయ్యవు.

చప్పట్లంటే మృదంగం గుర్తొచ్చింది. మృదంగం కుడివైపు నడుమ నల్లటి గుండ్రటి మచ్చ ఉంటుంది కదా, దాన్ని అందానికి పెట్టారనుకునేదాన్ని, బుగ్గన దిష్టిచుక్కలా. కాదుట. మామూలు డప్పు తోలు మీద కొడితే లేచే ధ్వనులు ఒకదానితో ఒకటి కలవవు. అందుకే దానికి దరువే గానీ శ్రుతి ఉండదు. ఆ నల్ల ముద్ద బరువు నడుమ పడేసరికి ధ్వనులన్నీ బుద్ధిగా వరస నిష్పత్తుల్లోకి వస్తాయి. చర్మవాద్యం తీగవాద్యంలా పలుకుతుంది. ఈ సంగతి 1920లో లోకానికి చాటింది మన సర్ సి.వి. రామన్. విశాఖపట్నంలో బడికెళ్లిన కుర్రాడే. నోబెల్ రావడానికి పదేళ్ల ముందు ఆయన మృదంగాలూ తబలాలూ ముందేసుకుని కూర్చున్నాడు. ఎడమవైపు రవ్వ ముద్ద తడిపి అంటిస్తారు, కచేరీకి ముందు చూసే ఉంటారు. ఉప్మా రవ్వేనండీ.

మృదంగం మీ ఇంట్లో లేదా? డబ్బా మూతికి పగిలిన బెలూన్ బిగించి కట్టండి. పైన చిటికెడు రవ్వ చల్లండి. దగ్గరగా నోరుపెట్టి 'ఊ' అని రాగం తియ్యండి. రవ్వ గంతులేస్తుంది. శ్రుతి మారిస్తే గంతుల తీరు మారుతుంది. మా ఇంట్లో ఆ పూట ఉప్మా ఆలస్యమైంది.

ఇక బొమ్మలాట. ఇది నా కళ్లముందే జరిగింది కాబట్టి తీరిగ్గా చెబుతా.

మొన్న మా వీధిలో కరెంటు పోయిన రాత్రి దుప్పటి ఒకటి రెండు కుర్చీల మధ్య కట్టాం. వెనక ఫోన్ టార్చి. అట్టముక్కతో కత్తిరించిన హనుమంతుడు. తోక కాస్త లావైంది, పట్టించుకోకండి. హనుమంతుణ్ణి దుప్పటికి ఆనించి పెడితే జానెడు నీడ. టార్చి వైపు జరిపితే పెరిగి పెరిగి పైకప్పు దాటిపోయాడు. సుందరకాండలో కాయం పెంచడమంటే ఇదే కాబోలు! టార్చికీ బొమ్మకీ ఉన్న దూరం సగం చేస్తే నీడ రెట్టింపు అయింది. పిల్ల స్కేలు తెచ్చింది. ఎవరూ తెమ్మనలేదు. టార్చి నుంచి దుప్పటికి రెండు మీటర్లు. బొమ్మను మీటరు దగ్గర పెడితే నీడ బొమ్మకు రెట్టింపు, అరమీటరు దగ్గర పెడితే నాలుగింతలు. సరూప త్రిభుజాలు అని మేం బోర్డు మీద చూసినవి హనుమంతుడి భుజాల మీద కూర్చున్నాయి.

ఇంతలో పిల్లకో అనుమానం. "పెద్దమ్మా, మన నీడ నల్లగా ఉంది. తోలుబొమ్మలాటలో నీడ రంగులుగా ఎలా ఉంటుంది?"

వంటింట్లోకి వెళ్లి పకోడీల పొట్లం కాగితం తెచ్చాను. నూనె పీల్చిన చోట దీపం కనిపిస్తుంది, పీల్చని చోట కనిపించదు. కాగితం పోగుల మధ్య గాలి ఉంటే వెలుగు అటూ ఇటూ చెదిరిపోతుంది. ఆ సందులు నూనె నింపితే తిన్నగా దూసుకొస్తుంది. తోలుబొమ్మకు మేకతోలును గీకి గీకి, పలచన చేసి, వెలుగు దూరేలా తయారుచేస్తారు. దాని మీద వేసిన ఎర్రరంగు ఎరుపును మాత్రం రానిచ్చి మిగతా రంగుల్ని పట్టేస్తుంది. చుట్టూ పొడిచిన చిన్న చిన్న చిల్లుల్లోంచి మాత్రం తెల్లటి వెలుగు వస్తుంది. నగలన్నీ అవే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ పని చేసే కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. వెలుగు ఎక్కడ ఆగాలో, ఎక్కడ దూరాలో ఆయన చేతివేళ్లకు తెలిసినంత నా ఫిజిక్సు పుస్తకానికి తెలియదు.

మేం పకోడీ కాగితం మీద సీతమ్మను గీశాం. ఆకుపచ్చ చీర. దుప్పటి మీద ఆకుపచ్చగానే వచ్చింది! ఆ ఆనందంలో ఉండగా కరెంటు వచ్చి చచ్చింది.

కలంకారీ వాళ్లయితే ఏకంగా కెమిస్ట్రీ ల్యాబే నడుపుతారు, తెల్లకోటు లేదంతే. శ్రీకాళహస్తిలో బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ కుండలో రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లతో గీత గీస్తారు. కుండలో ఉన్నంతసేపూ ఆ నీళ్లకు పెద్ద రంగే ఉండదు. బట్ట మీద కరక్కాయ వగరు తగలగానే గీత నల్లగా తేలుతుంది. పాలల్లో కొవ్వు ఆ గీతను పక్కలకు పాకనివ్వదు. మీకు కుండా ఓపికా లేకపోతే చిక్కటి టీ డికాక్షన్‌లో తుప్పు మేకు వేసి రేపటిదాకా వదిలేయండి. ఎవరూ తాగకుండా చూసుకోండి, మా ఇంట్లో తృటిలో తప్పింది.

ఇంకా తేలికైనది కావాలంటే ఎర్రనీళ్లు. దిష్టి తీసేటప్పుడు పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, అందులో నిమ్మకాయ పిండి చూడండి. మళ్లీ పసుపు! కాగితానికి పసుపు పూసి ఆరనిచ్చి, సున్నపుతేట ముంచిన పుల్లతో బొమ్మ గీస్తే ఎర్రటి గీత. తప్పొస్తే నిమ్మరసం రబ్బరు. ఆమ్లం, క్షారం అని నోరు తిరగని పాఠం నా చిన్నప్పుడు ఇలా చెప్పి ఉంటే, అని మళ్లీ ఏడుపు మొదలెట్టను లెండి.

తెలంగాణ వాళ్లకైతే బతుకమ్మ ఉండనే ఉంది. తాంబాలంలో అడుగున పెద్ద వలయం, పైకి పోయేకొద్దీ చిన్నది, కొసన గుమ్మడిపువ్వు. శంకువు ఘనపరిమాణం నేర్పడానికి ఐస్‌క్రీమ్ కోన్ బొమ్మ వేస్తారెందుకో! గునుగు, తంగేడు, కట్ల, బంతి, ఒక్కో పువ్వూ విప్పి చూస్తే బోటనీ రికార్డు సగం నిండుతుంది.

రికార్డంటే మీవి మీరే వేశారా? నిజం చెప్పండి. మా వీధిలో ఒక అక్క ఉండేది. ఆవిడ చేత్తో గీసిన మందారపువ్వు నిలువుకోత కనీసం పదిహేనుమంది రికార్డుల్లో ఉంటుంది. అందరికీ ఫుల్ మార్కులు. చూసి గియ్యడం అనేది మేం ఎవరమూ నేర్చుకోలేదు, ఆ అక్క తప్ప.

స్పెయిన్‌లో రామోన్ ఇ కహాల్ అని ఓ పిల్లాడు ఉండేవాడు. బొమ్మల పిచ్చి. తండ్రి వైద్యుడు. మన నాన్నల్లాంటి వాడే, బొమ్మలు కూడు పెట్టవనే రకం. ఓసారి ఊళ్లో చర్చికి మరమ్మతు చేస్తున్న గోడల మేస్త్రీకి పిల్లాడి బొమ్మ చూపించి తీర్పు అడిగాడుట. "పనికిరాదు" అన్నాడు మేస్త్రీ. అంతే, బొమ్మలు బంద్. మంగలి దగ్గరా చెప్పులు కుట్టేవాడి దగ్గరా పనికి కూడా పెట్టాడు. చివరికి తండ్రే శ్మశానానికి తీసుకెళ్లి ఎముకలు చూపించి, ఇవి గియ్యి అన్నాడు. పిల్లాడు గీశాడు. గీస్తూ గీస్తూ శరీరశాస్త్రంలో పడ్డాడు. సూక్ష్మదర్శినిలో చూసి ఆయన గీసిన నాడీకణాల బొమ్మలు ఇవాళ్టికీ చెట్లూ తీగలూ పూసినట్టుంటాయి. నాడీవ్యవస్థ ఒకటే అల్లిక కాదు, విడివిడి కణాలు అని గీసి చూపించాడు. 1906లో నోబెల్ ఇచ్చారు. ఆ మేస్త్రీకి ఎవరైనా చెప్పారో లేదో!

ఇంతకీ మా ప్రాజెక్టు సంగతి అడగరేం? ముగ్గు, పూసల గాజు, పకోడీ సీత, మూడూ పట్టుకెళ్లింది. వివరించడానికి బుర్రకథ కట్టుకున్నారు ముగ్గురు పిల్లలు. ఇది మాత్రం నా ఆలోచన, కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి. బుర్రకథలో అందం ఎక్కడుందో తెలుసా? కథకుడు నడుమ నిలబడి ఎంత గంభీరంగా చెబుతున్నా, పక్కన హాస్యం వంత "అదేంటోయ్ అన్నా, నాకర్థం కాలా!" అంటాడు. క్లాసులో నలభైమందికీ అర్థం కాదు, ఒక్కడూ లేచి అడగడు. ఇక్కడ అడగడమే వాడి వేషం. మా పిల్లే హాస్యం వంత. "తందాన తాన" మధ్యలో "అన్నా, ఒకటీ ఏడూ ఎనిమిదైతే నాకేంటంట?" అని అడిగిందిట. క్లాసంతా నవ్వు. కథకుడు బెల్లం అచ్చులు తీశాడు. అచ్చులు ఏడే ఉన్నాయి. ఎనిమిదోది వంత తినేసింది.

మార్కులు పదికి ఏడు. "నీట్‌నెస్ లేదు" అని రాశారు. బెల్లం జిగట చార్టుకు అంటుకుంది మరి.

కానీ ఒక కబురు. ఆ బళ్లో లెక్కల సారు చివరిదాకా నిలబడి చూశారుట. ఆ వారమే శుక్రవారం, ఆఖరి పీరియడ్, డ్రాయింగ్. ఆయన అలవాటు ప్రకారం గుమ్మంలోకి వచ్చారు. పిల్లలు నిట్టూర్చి పుస్తకాలు తీశారు. "పుస్తకాలు కాదర్రా, ముగ్గుపిండి ఉందా?" అన్నారుట. డ్రాయింగ్ టీచర్ కూడా వెనకే ఉన్నారు. ఇద్దరూ కలిసి పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లారు.

వచ్చే శుక్రవారం 25 చుక్కలు, 13 వచ్చేవరకు, సందు చుక్క అట. మొత్తం ఎన్నో మీరు లెక్కేసి ఉంచండి, సాయంత్రం సరిచూసుకుందాం. అన్నట్టు మీ ఇంట్లో ముగ్గుపిండి ఓ గిద్దెడు ఉంటే ఇలా గోడ మీద పెట్టండి. మాది మొత్తం ఆ పిల్ల బడికి పట్టుకుపోయింది.